మెరుగు పెట్టిన పన్ను: బెయిల్బీ గ్రంథమునకు ఒక విమర్శ

దంతవైద్యుడు పంటిలో నింపిన పూరకమునకు చివరి మెరుగు పెట్టి, రోగి చేతికి అద్దమిచ్చి, నాలుకతో ఒకసారి తడిమి చూడుమని చెప్పును. కొద్దిసేపటి క్రిందట గరుకుగా తగిలిన చోట ఇప్పుడు నాలుక జారిపోవును. దీపపు కాంతిలో ఆ చోటు తళుక్కుమనును. ఆ గరుకుదనము ఏమయినది? గీతలు అరిగిపోయినవా, లేక పూడిపోయినవా?

ప్రశ్న మాటల గారడివలె తోచవచ్చును. కాని రెండు సమాధానములకు నడుమ చాల దూరమున్నది. గీతలు అరిగిపోయినచో, లోతైన గీత అడుగు వరకు ఉన్న పదార్థమంతయు పొడియై పోయినదన్నమాట. పూడిపోయినచో పోయినదేమియు లేదు. మెరకన ఉన్నది పల్లములోనికి సర్దుకొన్నది. ఇత్తడి చెంబు విషయములో ఈ తేడాను ఎవరును పట్టించుకొనరు. పంటి విషయములో పట్టించుకొనక తప్పదు. పంటిపైనున్న ఎనామెల్, అనగా పాఠ్యపుస్తకములలోని పింగాణి పొర, ఒకసారి పోయినచో మరల పెరగదు. దానిని నిర్మించిన కణములు పన్ను చిగురును చీల్చుకొని బయటపడు నాటికే అంతరించియుండును.

పూడిపోవుననియే గట్టిగా వాదించిన గ్రంథమొకటి కలదు. బ్రిటిష్ రసాయన శాస్త్రజ్ఞుడు సర్ జార్జి బెయిల్బీ 1921లో ప్రకటించిన ‘ఆగ్రిగేషన్ అండ్ ఫ్లో ఆఫ్ సాలిడ్స్’ దాని పేరు. ఘనపదార్థముల కణములు ఎట్లు గుమికూడును, ఎట్లు పారును అనునది దాని విషయము. మెరుగు పెట్టిన ప్రతి తలముపైనను స్ఫటిక నిర్మాణమును కోల్పోయి, క్షణకాలము ద్రవమువలె పారి, గాజువలె బిగిసిన పలుచని పొర యొకటి ఉండునని ఆ గ్రంథము చెప్పును. దానికి ‘బెయిల్బీ పొర’ యని పేరు నిలిచినది. లోహశాస్త్రములో పుట్టిన ఈ భావన కటకముల తయారీలోనికి, అక్కడినుండి దంతవైద్య పదార్థముల పాఠ్యగ్రంథములలోనికి నడచివచ్చినది. పుట్టినింట దానిపై సందేహములు ముదిరిన తరువాత కూడ మెట్టినింట చాలకాలము దానికి మర్యాద జరిగినది. బంగారపు తొడుగునకైనను, పంటికైనను మెరుగు పెట్టుట యనగా పైపొరను సర్దుట మాత్రమే అను నమ్మకము కొంతవరకు ఈ గ్రంథము చలువయే. అందుచేత దానిని ఈనాడు మరల చదివి చూడవలసిన పని యున్నది.

బెయిల్బీ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు కాడు. 1850లో ఎడింబరోలో పుట్టి, స్కాట్లండులో షేల్ రాతినుండి నూనె తీయు పరిశ్రమలో పనిచేసి, తరువాత బంగారము తీయుటకు కావలసిన సయనైడుల తయారీలో పేరు గడించినవాడు. లోహములను సూక్ష్మదర్శినితో పరిశీలించుట పరిశ్రమ పనుల నడుమ ఆయన చేపట్టిన వ్యాసంగము. ఆ సంగతి గ్రంథములో అడుగడుగున తెలియును. సమీకరణములు తక్కువ, చూచినది చూచినట్లు వర్ణించిన పుటలు, ఛాయాచిత్రములు ఎక్కువ. విద్యార్థులకు ఇట్టి గ్రంథము చదువుటకు ఇంపుగా ఉండును. చిక్కు కూడ అక్కడనే ఉన్నది. కన్ను చూచినది ఎంత, మనస్సు కల్పించుకొన్నది ఎంత అను హద్దు ఇంపైన వచనములో సులభముగా చెరిగిపోవును.

ఆయనకు ముందు ఈ విషయముపై రెండు అభిప్రాయములుండెను. న్యూటన్ తన ‘ఆప్టిక్స్’ (1704)లో మెరుగు పెట్టుటయనగా గీతలను మరింత సన్నని గీతలుగా మార్చుటయే అని తలచినాడు. ఇసుక గీసిన గీతకంటె తగరపు భస్మము గీసిన గీత చిన్నది. ఆ గీతలు కంటికి ఆననంత చిన్నవైనపుడు తలము నునుపైనదని చెప్పుదుము. అద్దపు దూరదర్శినికి లోహదర్పణమును స్వయముగా తారుమీద ఒరసి మెరుగు పెట్టిన చేతులు గనుక ఆ మాటకు బరువున్నది. రెండువందల ఏండ్ల తరువాత, 1901లో, రేలీ ప్రభువు దీనిని ప్రశ్నించినాడు. గరుకు గాజునకు మెరుగు పెట్టుచు నడుమ నడుమ సూక్ష్మదర్శినిలో చూచినచో, గీతలు క్రమముగా సన్నబడుట ఆయనకు కనిపించలేదు. మిట్టల కొనలు మొదటినుండియు పూర్తి నునుపుతో చదునగును. ఆ చదును చోట్లు వ్యాపించి వ్యాపించి చివరకు ఒకటగును. కనుక పదార్థము గీతలు గీతలుగా కాక, దాదాపు అణువులు అణువులుగా తొలగిపోవుచున్నదని ఆయన ఊహించినాడు. గమనింపవలసినదేమనగా, వీరిద్దరికి ఎంత భేదమున్నను పదార్థము పోవుచున్నదనుటలో భేదము లేదు. బెయిల్బీ వచ్చి ఆ ఏకాభిప్రాయమును కదిలించినాడు.

ఆయన చేసిన ప్రయోగములలో కాల్సైటు ప్రయోగము మిక్కిలి ప్రసిద్ధమైనది. కాల్సైటు సున్నపురాతికి మూలమైన ఖనిజము. చీల్చినచో అద్దమువంటి తలములుగా చీలును. అట్టి తలమును గరుకు పదార్థముతో గీసి, తరువాత గీతలన్నియు మాయమగు వరకు మెరుగు పెట్టినాడు. సూక్ష్మదర్శినిలో చూచిన ఒక్క గీతయు లేదు. అప్పుడు దానిపై నీరు కలిపిన ఆమ్లమును కొద్దిగా వేసి, పైపొరను కరగించినాడు. మాయమైన గీతలు మాయమైన చోటనే, వరుసలు వరుసలుగా, మరల పైకి వచ్చినవి! రాగిపై చేసిన పరిశీలన ఇంకొకటి. రాగితలములోని చిన్న చిన్న గుంటలపై, మెరుగు పెట్టిన తరువాత, కాంతి చొరబారునంత పలుచని రాగిపొర మూతవలె పరచుకొనియుండుట ఆయన చూచినాడు. ఈ రెంటినుండి ఆయన తీసిన నిర్ణయము ఒక్కటే: పైపొర పారినది, గీతలను పూడ్చినది, గుంటలను కప్పినది. ద్రవమునకు వలెనే దానికిని తలతన్యత పనిచేసి, నునుపు దానంతట అది ఏర్పడినది.

ప్రయోగము చక్కనిది. ఫలితము నిజమైనది; ఈనాడు ఎవరు చేసినను గీతలు తిరిగి కనిపించును. అయితే తిరిగి కనిపించిన గీత పూడినదే కావలెనా? ఇదియే ఈ గ్రంథమును అడుగవలసిన ప్రధాన ప్రశ్న. గ్రంథములో దీనికి సమాధానము లేదు, ఎందుకనగా ప్రశ్నయే లేదు.

తడినేలపై బరువుబండి పోయినచో చక్రపు గాడి పడును. గాడి అడుగు మట్టమునకు వచ్చువరకు పారతో నేలనంతను చెక్కివేసితిమనుకొందము. గాడి పోయినది, నేల చదునయినది. కాని గాడి ఉండిన చోట మన్ను లోపల అణగి గట్టిపడి ఉన్నది. నీరు పోసినచో అక్కడ ఒక తీరుగా, ప్రక్కన మరియొక తీరుగా ఇంకును. గాడిని మట్టితో పూడ్చకపోయినను దాని జాడ బయటపడును. స్ఫటికములలో గూడ ఇట్లే జరుగునని ఆస్ట్రేలియాకు చెందిన లోహశాస్త్రజ్ఞుడు లియొనార్డు సామ్యూల్సు 1950 తరువాతి దశాబ్దములో లోహములపై వరుసగా చేసిన పరిశీలనలు చూపినవి. గీత గీసినపుడు గీతలోని పదార్థము మాత్రమే చెదరదు. గీత క్రింద, గీత లోతునకు ఎన్నో రెట్ల వరకు, స్ఫటికము నలిగి రూపు చెడును. మెరుగు పెట్టి గీతను పూర్తిగా తీసివేసినను ఆ నలిగిన భాగము అడుగున మిగిలిపోవును. నలిగిన భాగమును ఆమ్లము వేరు రీతిగా కరగించును గనుక గీత వలె కనిపించును. అది గీత కాదు, గీత యొక్క వేరు.

సామ్యూల్సు వాడిన పద్ధతిని ఉపాధ్యాయులు తరగతిలో బొమ్మగీసి చెప్పవచ్చును. పైపొరను నిట్టనిలువుగా కోసి చూచినచో దాని మందము సూక్ష్మదర్శినికి కూడ ఆనదు. కాని సుమారు 5.7 డిగ్రీల ఏటవాలుగా కోసినచో లోతు పదిరెట్లు పెద్దదై కనిపించును. ఆ కోణము యొక్క సైను విలువ 0.1 అగుటయే కారణము. తమలపాకుల కట్టను ఏటవాలుగా కోసినచో ఒక్కొక్క ఆకు అంచు వెడల్పుగా కనిపించినట్లే. ఇట్లు కోసి చూచినపుడు మెరుగు పెట్టిన లోహపు తలమున పారి గడ్డకట్టిన పొర కాక, అతిసన్నని గీతలును, వాటి క్రింద నలిగినను స్ఫటికముగానే ఉన్న లోహమును కనిపించినవి. అనగా న్యూటన్ మాటకు మరల బలము వచ్చినది. ఆయన పరిశీలనలను కూర్చిన గ్రంథము 1967లో వెలువడినది.

ఈ రెండు గ్రంథముల నడుమ బెయిల్బీకి గట్టి అండగా నిలిచినవాడు కేంబ్రిడ్జిలోని బౌడెన్. 1937లో ఆయనయు హ్యూసును చేసిన ప్రయోగములలో మన పూజగదిలోని కర్పూరము సైతము పాత్ర వహించినది. కర్పూరము సుమారు 178 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరుగును. 70 డిగ్రీల దరిదాపుల కరుగు వుడ్ మిశ్రలోహమునకు అది మెరుగు పెట్టగలిగినది. 232 డిగ్రీల వద్ద కరుగు తగరమునకు పెట్టలేకపోయినది. కాల్సైటునకు జింకు ఆక్సైడు మెరుగు పెట్టును. క్యూప్రస్ ఆక్సైడు పెట్టదు. క్యూప్రస్ ఆక్సైడు కాల్సైటు కంటె గట్టిదే, కాని దానికంటె తక్కువ వేడికి కరుగును. కనుక మెరుగు విషయములో కాఠిన్యము ముఖ్యము కాదు, ద్రవీభవన స్థానము ముఖ్యము. రాపిడి వేడికి మిట్టల కొనలు కరిగి పారుచున్నవి అని వారు చెప్పినారు.

వాదము ఆకర్షణీయమే. అయితే ద్రవీభవన స్థానము ఎక్కువగా ఉన్న పదార్థము సాధారణముగా వేడిలో తన గట్టితనమును ఎక్కువగా నిలుపుకొనును. రాపిడిలో వేడెక్కిన కొనల వద్ద కర్పూరము మెత్తబడినచో అది తగరమును కోయలేదు; వుడ్ లోహము తానే ముందు మెత్తబడినచో కర్పూరమే దానిని కోయగలదు. ఈ విధముగా అవే ఫలితములను కోత పక్షమువారు కూడ తమకు అనుకూలముగా చెప్పుకొనవచ్చును. పైగా చేతితో, నెమ్మదిగా, నూనెలో తడుపుచు మెరుగు పెట్టినను మెరుపు వచ్చును. అక్కడ లోహము కరగునంత వేడి ఎక్కడిది? మెరుగు పెట్టిన లోహముల నుండి ఎలక్ట్రానులను పరావర్తనము చేయించి తీసిన చిత్రములలో పదునైన వలయములకు బదులు మసక వలయములు కనిపించుటను 1930 తరువాత బెయిల్బీ పొరకు రుజువుగా చూపినారు. మసక వలయములు ద్రవమువంటి నిర్మాణమునుండియు రావచ్చును, మిక్కిలి చిన్న స్ఫటికములనుండియు రావచ్చును. రెండు కారణములకు సరిపోవు సాక్ష్యము ఒకదానికే రుజువు కాజాలదు.

ఇక పన్ను వంకకు వత్తము. గ్రంథములోని పదార్థములు రాగి, బంగారము, కాల్సైటు వంటివి. అడుగునుండి పైవరకు ఒకే తీరున ఉండునవి. పన్ను అట్టిది కాదు. ఎనామెల్ బరువులో సుమారు 96 శాతము ఖనిజమే. అది అపటైటు జాతికి చెందినది. మోస్ కాఠిన్య క్రమములో 5వ స్థానమునకు కొలబద్దయే అపటైటు. దానిలోపలి డెంటిన్‌లో ఖనిజము తక్కువ, జీవపదార్థమును నీరును ఎక్కువ. 1958లో క్రెయిగ్, పేటన్ కొలిచిన నూపు కాఠిన్య సంఖ్యలు ఎనామెల్‌కు సుమారు 343, డెంటిన్‌కు సుమారు 68. అనగా ఒకే పంటిలో ఒకదానికొకటి ఐదురెట్ల తేడా. కచ్చిక, బొగ్గు, ఇటుకపొడి మన పల్లెలలో పళ్ళు తోమిన పదార్థములు. ఇటుకపొడిలోని ఇసుక, అనగా క్వార్ట్‌జు, మోస్ క్రమములో 7. అది ఎనామెల్‌ను నిస్సందేహముగా గీరును. దంతవైద్యులు వాడు ప్యూమిస్ రాతిపొడి 6 దరిదాపున ఉండును, అదియు గీరును. సుద్ద 3, ఎనామెల్‌ను గీరజాలదు గాని చిగురు దిగిపోయి బయటపడిన వేరుభాగమునకు అంత ధీమా లేదు. ఇటుకపొడితో తోమిన పళ్ళు తెల్లగా కనిపించునను పెద్దల మాట అబద్ధము కాదు. ఏ ఖరీదునకు తెల్లబడినవన్నదే వేరు విషయము.

పంటినుండి పదార్థము పోవుచున్నదా లేదా అనుటకు సూటియైన పరీక్షయొకటి కలదు. దానిని బెయిల్బీ చేసియుండజాలడు, ఏలయనగా దానికి అణు రియాక్టరు కావలెను. 1958లో గ్రాబెన్‌స్టెటరును ఆయన సహచరులును ప్రకటించిన పద్ధతి ఇది. ఊడదీసిన పళ్ళను న్యూట్రానులకు గురిచేసినచో వాటిలోని ఫాస్ఫరసు కొంత రేడియోధార్మిక ఫాస్ఫరసు-32 గా మారును. దాని అర్ధజీవితకాలము సుమారు 14.3 రోజులు. ఆ పళ్ళను నీటిలో కలిపిన పళ్ళపొడితో కుంచె పెట్టి యంత్రముతో తోమి, తరువాత ఆ నీటిలోని రేడియోధార్మికతను లెక్కించిన చాలును. పంటి పదార్థము పారి సర్దుకొన్నంత మాత్రమున నీటికి రేడియోధార్మికత రాదు. వచ్చినదనగా పన్ను నీటిలోనికి వచ్చినదన్నమాట. ఎంత వచ్చినదో కూడ గణకయంత్రము చెప్పును. ఈ పద్ధతిని 1976లో హెఫరెన్ ప్రామాణికముగా కూర్చినాడు. కాల్షియం పైరోఫాస్ఫేటు పొడి అరగదీసినదానిని 100 అని పెట్టుకొని ఇతర పళ్ళపొడులను దానితో పోల్చుదురు. డెంటిన్ విషయములో 250 మించరాదని అంతర్జాతీయ ప్రమాణము.

అయితే ఈ పరీక్ష చెప్పునది ఇంతవరకే: పదార్థము పోయినది. మిగిలిన తలము నలిగినదా, పులుముకొన్నదా అన్నది ఇది చెప్పదు. ఒకే రాపిడిలో కొంత పోవుటయు, కొంత పులుముకొనుటయు జరుగుటకు అభ్యంతరమేమియు లేదు. గట్టి విమర్శకులు కొందరు బెయిల్బీని పూర్తిగా కొట్టివేసిన ఉత్సాహములో ఈ సంగతిని మరచినారు.

ఏడాదికి రెండుసార్లు పళ్ళకు మెరుగు పెట్టించుకొను అలవాటు కొన్ని దేశములలో చిరకాలముగా ఉన్నది. ప్యూమిస్ ముద్దతో, తిరుగు రబ్బరు గిన్నెతో చేయు ఆ మెరుగులో ప్రతిసారి కొద్ది మైక్రానుల ఎనామెల్ పోవును. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. ఒక్కసారికి 3 మైక్రానులనియే అనుకొందము. సంవత్సరమునకు 6, యాభై ఏండ్లకు 300, అనగా మిల్లీమీటరులో దాదాపు మూడవ వంతు. నమలు పళ్ళ మిట్టలపై రెండు మిల్లీమీటరులు, అంతకు మించియు ఉండు ఎనామెల్‌కు ఇది ప్రాణాంతకము కాదు. కాని చిగురు దగ్గరకు వచ్చునప్పటికి ఎనామెల్ కత్తివాదరవలె పలుచనగును. అక్కడ ఈ లెక్క వేరుగా పలుకును. అదియునుగాక ఎనామెల్‌లో ఫ్లోరైడు మిక్కుటముగా ఉండునది అన్నిటికంటె పైపొరలోనే. మొదట పోవునదియు అదే. ఇరువదవ శతాబ్ది చివరి దశాబ్దములలో మరకలున్న చోట మాత్రమే మెరుగు పెట్టవలెనను పద్ధతి బలపడుటకు ఇట్టి లెక్కలే కారణము. గార తీయుట వేరు, మెరుగు పెట్టుట వేరు. గార తీయించుకొనుట అవసరము. రెంటిని ఒకే గాటకట్టి దంతవైద్యుని గుమ్మము త్రొక్కకుండుటకు దీనిని సాకుగా చేసికొనరాదు. బెయిల్బీ చెప్పినట్లు మెరుగులో పోవునది లేదను ధీమాతో మాత్రము అన్ని పళ్ళపైనను గిన్నెను త్రిప్పుటకు వీలు లేదు.

పూరకముల విషయములో ఆ గ్రంథము మరింత తడబడును. బోవెన్ రూపొందించిన రెజిన్‌కు 1962లో పేటెంటు వచ్చిన పిమ్మట, మెత్తని రెజిన్‌లో గట్టి క్వార్ట్‌జు రేణువులు కలిపిన పంటిరంగు పూరకములు వాడుకలోనికి వచ్చినవి. తొలినాళ్ళ రేణువులు పదుల మైక్రానుల పెద్దవి. ఎంత మెరుగు పెట్టినను అవి నిలువలేదు. నడుమనున్న రెజిన్ త్వరగా అరిగి, రేణువులు పైకి తేలినవి. వానకు మన్ను కొట్టుకొనిపోయి కంకర తేలిన రోడ్డువలె తలము గరుకైనది. ఒకే పదార్థము పారి నునుపగునను సిద్ధాంతమునకు ఇక్కడ చోటెక్కడ? పరిష్కారము మెరుగు పెట్టు చేతినుండి రాలేదు, పూరకమును తయారుచేయు చోటునుండి వచ్చినది. రేణువులను సుమారు 0.04 మైక్రానునకు తగ్గించినపుడు, అవి ఊడిపోయినను మిగులు గుంటలు కాంతి తరంగదైర్ఘ్యము కంటె చాల చిన్నవగుటచే మెరుపు నిలిచినది. కంటికి కనిపించు కాంతి తరంగదైర్ఘ్యము 0.4 నుండి 0.7 మైక్రానుల వరకు గదా.

మెరుపు తలములోనే కాక చూచు కోణములో కూడ ఉన్నది. దీనిని తరగతిలో చూపుట సులభము. మసక గాజును గాని, నున్నని కాగితమును గాని కంటి మట్టమునకు పట్టి, అవతలి అంచున వెలుగుచున్న దీపమును ఏటవాలుగా చూచినచో తలమున దీపపు ప్రతిబింబము మెరయును. కాగితమును వాల్చి పైనుండి చూచిన మాయమగును. కాగితము పారలేదు, కరగలేదు. కాబట్టి మెరిసినదనుటను బట్టి తలము నిర్మాణము మారినదని చెప్పుట సాహసము. గ్రంథములోని ఛాయాచిత్రములను చూచునపుడు విద్యార్థులు ఈ సంగతి గుర్తుంచుకొన్నచో, ఏది చూచినది, ఏది ఊహించినది అని వారే విడదీయగలరు.

దంతవైద్యము ఈనాడు మెరుపును కాక గరుకుదనమును కొలిచి మాట్లాడుచున్నది. 1997లో బోలెన్, లాంబ్రెక్ట్‌స్, క్విరినెన్ అంతవరకు జరిగిన పరిశోధనలను సమీక్షించి, తలము సగటు గరుకుదనము సుమారు 0.2 మైక్రానునకు దిగిన తరువాత ఇంకను నునుపు చేసినను సూక్ష్మజీవులు పేరుకొనుట అంతకంటె తగ్గదని చెప్పినారు. నోటిలో పన్ను వట్టిగా ఉండు సమయము కూడ మిక్కిలి తక్కువ. మెరుగు పెట్టిన కొద్ది నిమిషములలోనే లాలాజలములోని ప్రోటీనులు దానిపై పొరగా పరచుకొనును. రోగి అద్దములో చూచి మురియునది, కొంతవరకు, ఆ తడిపొర మెరుపునే.

ఇంతకును బెయిల్బీ చూచినదంతయు భ్రమయా? కాదు. బంగారమువంటి సాగు లోహమును గట్టి నునుపైన పనిముట్టుతో ఒత్తి రుద్దినచో అంచులు నిజముగానే ప్రక్కకు సాగి సందును మూయును; కంసాలికి ఇది కొత్త సంగతి కాదు. వజ్రమునకు మెరుగు పెట్టునపుడు దాని పైపొర స్ఫటికరూపమును కోల్పోవునని, ఆ పొరయే సులభముగా అరుగునని 2011లో ప్రకటింపబడిన గణన పరిశోధనలు చూపినవి. ఇక్కడ పొరయు ఉన్నది, అరుగుదలయు ఉన్నది. బెయిల్బీ పొరపాటు పొరను ఊహించుటలో లేదు. ఒకటి రెండు పదార్థములలో కనిపించినదానిని ఘనపదార్థములన్నిటికి నియమముగా చేయుటలోను, సుత్తిదెబ్బకు లోహము గట్టిపడుటకు సైతము ఆ పొరనే కారణముగా చెప్పుటలోను ఉన్నది. ఆ రెండవదానికి 1934లో టేలర్, ఒరొవాన్, పొలాన్యీ ముగ్గురును విడివిడిగా స్ఫటికములలోని స్థానభ్రంశములను చూపి వేరు దారి తెరచినారు. గ్రంథములో ఆ భాగమును ఈనాడు చరిత్రకై తప్ప చదువనక్కరలేదు.

పంటికి డ్రిల్లు పెట్టినపుడు మాత్రము పులుముకొన్న పొర యొకటి నిజముగానే ఏర్పడును. కోతలో రాలిన ఖనిజపు ధూళి, జీవపదార్థము కలిసి, ఒకటి రెండు మైక్రానుల మందమున తలముపై మెత్తుకొని, డెంటిన్‌లోని సన్నని నాళముల మూతులను మూసివేయును. అది కరిగి పారిన గాజు కాదు, నలిగిన తుక్కు. పూరకము పంటికి గట్టిగా అంటుకొనవలెనన్న ఆ తుక్కు అడ్డమగును. అందుచేత దంతవైద్యుడు 37 శాతము ఫాస్ఫారిక్ ఆమ్లమును దానిపై పూసి, కొన్ని సెకండ్ల తరువాత నీటితో కడిగివేయును. ఆమ్లముతో ఎనామెల్‌ను సిద్ధపరచు ఈ మార్గమును 1955లో బ్యుయొనొకోర్ చూపినాడు. బెయిల్బీ తన కాల్సైటు పలకపై వేసినది కూడ ఇట్టి ఆమ్లపు చుక్కయే. అక్కడ పైకి వచ్చినవి పాత గీతలు; ఇక్కడ ఎనామెల్‌పై బయటపడునది తేనెపట్టు గదులవలె కనిపించు ఎనామెల్ కడ్డీల కొనలు. రెజిన్ పట్టుకొనునది ఆ గదులనే.